పడవ ముక్కు మీద బరువు

ఫిబ్రవరి 9

అమ్మాయి షాపుకి వచ్చింది. ఎడమచేతి వేళ్ళు రెండింటికి కట్టు. కారు తలుపులో పడ్డాయట. తలుపు ఎవరు వేశారే అన్నాను. గాలికి పడిందమ్మా అంది. ఆ ఇంట్లో గాలి ఎప్పుడూ ఒక్కడి చేతిలోంచే వీస్తుంది. నా అల్లుడు, నా బంగారం.

ఇక్కడే ఉండిపోవే అన్నాను. ఎప్పుడు ఆ మాట అన్నా అది షట్టర్ వంక చూస్తుంది. ఆ సొట్ట ఇంకా అలాగే ఉంది. పోయినేడు అది బట్టలు సర్దుకుని వచ్చేసింది. మర్నాడు పొద్దున్నే వాడు ఇనప రాడ్డుతో షట్టర్ వంచి లోపలికి వచ్చాడు. నా జుట్టు పట్టుకుని మొహం కౌంటర్ మీద అదిమాడు. కారెక్కుతావా, మీ అమ్మ దవడ పగలగొట్టనా అని దాన్ని అడిగాడు. అది చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి కారెక్కింది. నేను కంప్లయింట్ ఇచ్చాను. ఇన్‌స్పెక్టర్ వాడితో కలిసి చేపలు పట్టే మనిషి. మొగుడూ పెళ్ళాల గొడవమ్మా, పెద్దవారు, మీరే సర్దిచెప్పాలి అన్నాడు.

సర్దిచెప్పాలట. నా బొంద.

వాడు చావాలి. బయట అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. వాడు చావాలి.

ఫిబ్రవరి 11

వాడే వచ్చాడు. అత్తయ్యా బావున్నారా అంటూ కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు. నా మొహం అదిమిన చోటే. బావున్నాను బాబూ, కాఫీ తాగుతావా అన్నాను. నా నోటికి సిగ్గు లేదు.

ట్రోలింగ్ మోటార్ కావాలట. రిజర్వాయర్‌లో రాతిగోడ పక్కన పెద్ద చేపలు పడుతున్నాయట, వెనక పెద్ద ఇంజిన్ చప్పుడుకి పారిపోతున్నాయట. పడవ ముక్కుకి బిగించే కరెంటు మోటార్ అయితే చప్పుడు ఉండదు, గోడకి బారెడు దూరంలో పడవని కదలకుండా నిలబెడుతుంది. రిమోట్‌ది ఇవ్వండి, నేను వెనక సీట్లో కాళ్ళు చాపుకుని నొక్కుకుంటా అన్నాడు. షాఫ్ట్ ఎంత పొడవుది వెయ్యాలో మీరే చూడండి అత్తయ్యా, ఆ లెక్కలు నా బుర్రకి ఎక్కవు అన్నాడు.

మా ఆయన పోయాక ఈ రేవులో మోటార్లు బిగించేది నేనే. చూస్తాలే బాబూ అన్నాను.

ఫిబ్రవరి 12

నిద్ర పట్టలేదు. లెక్క తిరుగుతోంది బుర్రలో.

మోటార్ తల పైన, ఫ్యాన్ కింద, మధ్యలో కడ్డీ. ఆ కడ్డీయే షాఫ్ట్. అది మరీ పొడుగైతే లోతు లేని చోట నేలకి తగులుతుంది, విసుగే తప్ప ప్రాణం మీదికి రాదు. పొట్టిదైతే వేరు. నీళ్ళు నిద్రపోతున్నంతసేపూ బాగానే ఉంటుంది. అల లేచిందంటే ఫ్యాన్ గాల్లోకి వచ్చి కీచుమని అరుస్తుంది, పడవ ఇంక ఎవరి మాటా వినదు. పెద్ద ఇంజిన్ దించి స్టార్ట్ చేసేలోపు పక్కన ఏముందో దానికి కొట్టుకుంటుంది. రాతిగోడ ఉంటే రాతిగోడకే.

ముక్కు నుంచి నీళ్ళ దాకా ఎంతో కొలిచి, ఫ్యాన్ మునగడానికి ఇరవై అంగుళాలు, అలలకి ఇంకో అయిదు కలపాలి. ఇది చిన్నపిల్లలు కూడా చేస్తారు. అసలు కిటుకు కొలిచే తీరులో ఉంది. పడవ నీళ్ళ మీద ఉండాలి. మనిషి రోజూ ఎక్కడ కూర్చుంటాడో అక్కడే కూర్చోవాలి. వెనక కూర్చుంటే ముక్కు లేస్తుంది, ముందు నిలబడితే దిగుతుంది. మా ఆయన కస్టమర్‌ని తన సీట్లో కూర్చోబెట్టందే టేపు బయటికి తీసేవాడు కాదు, మంత్రి వచ్చినా సరే.

వాడు దున్నపోతులా ఉంటాడు. కొలిచేటప్పుడు ముక్కు మీద నిలబెడితే?

రాశాక ఆ మాట మళ్ళీ చదివాను. కొట్టెయ్యలేదు.

ఫిబ్రవరి 14

కొలిచాను. బాబూ, నువ్వు కాస్త ముక్కు మీద నిలబడు, నేను టేపు వదులుతా అన్నాను. నిలబడ్డాడు. పడవ తల దించుకుంది. ఇరవై. వాడే వంగి చూశాడు, రేవులో టీ కొట్టతనూ చూశాడు. ఇరవైకి ఇరవై, పైన అయిదు, నలభై అయిదుది సరిపోతుంది అన్నాను. అన్నీ తెలిసినవాడిలా తలూపాడు.

తర్వాత సిగరెట్ వెలిగించుకోవడానికి వెళ్ళి వెనక సీట్లో వాలాడు. టేపు చుట్టుకుంటున్నట్టు నటిస్తూ మళ్ళీ వదిలాను. ఇరవై ఎనిమిది. వీడికి యాభై నాలుగుది కావాలి.

ఇంటిదాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

ఫిబ్రవరి 15

యాభై నాలుగుది స్టాకులో ఉంది. దాన్ని పై అరలోకి నెట్టి నలభై అయిదుది దించాను.

ఫిబ్రవరి 17

బిగించాను. డ్రిల్లింగ్ మెషిన్ నా చేతిలో ఉంది, వాడి మెడ నా మోకాలి పక్కన ఉంది. వంగి బోల్టులు అందిస్తున్నాడు వెధవ. మెడ మీద నరం ఒకటి లేస్తూ పడుతూ ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు అనిపించింది. నొక్కితే జైలు నాది, అమ్మాయికి ఎవరూ ఉండరు. నోరు మూసుకుని నాలుగు రంధ్రాలూ చెక్కకే పెట్టాను.

గాలి లేని మూలలో నడిపి చూశాడు. చక్కగా నడిచింది. అత్తయ్యా, మీ చేతిలో మహిమ ఉంది అన్నాడు. ఉండాలనే నా కోరిక కూడా.

లైఫ్ జాకెట్ ఉందా బాబూ అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు, అలవాటు కాబోలు. అవి వేసుకుంటే చంటిపిల్లాడిలా ఉంటా అన్నాడు. మంచిది.

ఫిబ్రవరి 18

గాలి లేదు.

ఫిబ్రవరి 20

గాలి లేదు. పెద్ద చేప పట్టాడట, ఫోటో పంపాడు. పక్కన ఇన్‌స్పెక్టర్ పళ్ళికిలించి నిలబడ్డాడు. కింద, అంతా మీ దయ అత్తయ్యా అని రాశాడు.

ఫిబ్రవరి 24

పొద్దున లేచేసరికి కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. పడమటి గాలి, సరిగ్గా గోడ మీదికి. వాడు ఒక్కడే పడవ దింపాడని టీ కొట్టతను ఫోన్లో చెప్పాడు.

రోజంతా షాపులో ఒక బ్యాటరీకి నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. పొర్లిపోయి నేలంతా పాడైంది. అంబులెన్స్ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

సాయంత్రం మళ్ళీ టీ కొట్టతనే. మీ అల్లుడికి గండం గడిచిందమ్మా, పడవ గోడకి గీసుకుంది, పెద్ద ఇంజిన్ టైముకి అందుకుంది అన్నాడు. అదృష్టవంతుడు అన్నాడు. ఔను బాబూ అన్నాను. ఫోన్ పెట్టేసి గోడకేసి కొట్టాను.

ఫిబ్రవరి 25

అమ్మాయి ఆసుపత్రిలో ఉంది. నిన్న ఇంటికెళ్ళి నీ మొహం చూసి బయల్దేరా, దరిద్రం పట్టింది అంటూ తెడ్డు తిరగేసి కొట్టాడట. పక్కటెముక విరిగింది. నర్సు చెవిలో చెప్పింది, ఆవిడ మెట్ల మీద పడ్డానంటోంది కానీ మెట్లు అలా వీపంతా చారలు పెట్టవమ్మా అని.

నేను విసిరిన రాయి దాని నెత్తి మీద పడింది. ఆసుపత్రి బాత్‌రూమ్‌లో నోట్లో చున్నీ కుక్కుకుని అరిచాను.

ఫిబ్రవరి 28

ఎడమచేత్తో రాస్తున్నా. నిన్న రాయలేకపోయా.

నిన్న మధ్యాహ్నం వచ్చాడు. షట్టర్ సగానికి దించాడు. చేతిలో టేపు. ఇన్‌స్పెక్టర్‌ని వెనక సీట్లో కూర్చోబెట్టి తనే కొలిచాడట. ఇరవై ఎనిమిది వచ్చింది అత్తయ్యా, మీకు ఇరవై ఎలా వచ్చింది అన్నాడు. నువ్వు ముందు నిలబడ్డావు కాబట్టి అన్నాను. నిలబడమన్నది ఎవరు అన్నాడు. అరవలేదు. అరిచినా బావుండేది.

పనిబల్ల మీద పైపులు పట్టుకునే ఇనప వైస్ ఉంది. నా కుడిచెయ్యి తీసుకుని అందులో పెట్టాడు. పిల్లాడికి చొక్కా తొడిగినట్టు మెల్లిగా పెట్టాడు. పిడి తిప్పుతూ మాట్లాడాడు. నేను సుత్తి కోసం ఎడమచేత్తో వెతికాను, దొరికింది, వాడి మోచేతి మీద ఒక్కటిచ్చాను. నవ్వాడు. ఇంకో తిప్పు తిప్పాడు. చప్పుడు నాకే వినబడింది, ఎండుపుల్ల విరిగినట్టు.

యాభై నాలుగుది ఎక్కడైనా కొనుక్కోగలను అన్నాడు. కానీ కొనను. మీరు ప్రేమగా బిగించింది తియ్యబుద్ధి కావట్లేదు. ముందు కొంచెం బరువుంటే ఇది కూడా పనిచేస్తుంది కదా అత్తయ్యా, రేపటి నుంచి మీ అమ్మాయి ముందు కూర్చుంటుంది అన్నాడు. మీ కొలతకి అది పూచీ అన్నాడు.

డాక్టర్‌కి వైస్‌లో పడిందని చెప్పాను. మేం తల్లీకూతుళ్ళం, మా చేతులు వాటంతట అవే పడుతుంటాయి.

మార్చి 1

రేవు మీదనుంచి చూశాను. అమ్మాయిని ఆసుపత్రి నుంచి తెచ్చేసి, విరిగిన ఎముకతోనే ముక్కు దగ్గర కూర్చోబెట్టాడు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని సిమెంటు బస్తాలా కూర్చుంది. వెనక వీడు కాళ్ళు చాపుకుని, నా వైపు చెయ్యి ఊపాడు. రేవులో ఇన్‌స్పెక్టర్ కూడా నిలబడి చూస్తున్నాడు.

మార్చి 2

యాభై నాలుగుది భుజాన వేసుకుని రేవుకి వెళ్ళాను. కట్టు కట్టిన చెయ్యి, ఇంత బరువు, దారిలో రెండుసార్లు కూలబడ్డాను. బాబూ, తప్పయిపోయింది, నీ కాళ్ళు పట్టుకుంటా, ఇది బిగించనీ అన్నాను. నిజంగానే పట్టుకున్నాను, అందరూ చూస్తుండగా. వాడు మోటార్ తీసుకుని బరువు చూసి, బావుంది అత్తయ్యా అని నీళ్ళలోకి విసిరేశాడు.

అమ్మాయి అప్పటికే ముక్కు మీద కూర్చుంది. నా వంక చూడలేదు. నాకు అదే ఎక్కువ నొప్పి.

మార్చి 4

వచ్చింది. అమ్మాయిని ఫ్యూజు కొనడానికి పంపాడట. ఎదురుగా కార్లో కూర్చుని చూస్తున్నాడు.

ఫ్యూజు వెతుకుతున్నట్టు నటిస్తూ మొత్తం చెప్పేశాను. ముక్కు మీద నిలబెట్టడం, ఇరవై, ఇరవై ఎనిమిది, అన్నీ. నిన్ను కాపాడుకుందామని చేశానే, తీసుకెళ్ళి నిన్నే మృత్యువు నోట్లో కూర్చోబెట్టాను అన్నాను. చెంప మీద కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వాడిని చంపాలనుకున్నావా అమ్మా అంది. ఔనన్నాను. నాకోసమా అంది. నీకోసం కాకపోతే ఇంకెవరికోసమే అన్నాను. కార్లోంచి హారన్ కొట్టాడు.

ఎంత జరిగితే ఫ్యాన్ పైకి వస్తుంది అని అడిగింది. పని మాట కదా, నోరు దానంతట అదే చెప్పేసింది. మరీ వెనక్కి అక్కర్లేదు, మధ్య చెక్క మీదికి జరిగినా చాలు, గాలి ఉన్నరోజు అయితే వెంటనే లేచిపోతుంది, అందుకే ఏం జరిగినా ముందునుంచి కదలకు తల్లీ అన్నాను. కదలనమ్మా అంది.

నడుముకి కట్టుకునే గాలి బెల్టు ఒకటి ఇచ్చాను. తాడు లాగితే ఉబ్బి నీళ్ళ మీద తేలుస్తుంది. స్వెటర్ కింద కట్టుకుంది. విరిగిన ఎముక మీద బిగించుకుంటూ పెదవి కూడా కొరుక్కోలేదు. మళ్ళీ హారన్. ఫ్యూజు మర్చిపోయి వెళ్ళబోతే నేనే పిలిచి చేతిలో పెట్టాను.

మార్చి 5

అది ఎందుకు అడిగిందో ఇప్పుడు తట్టింది. ఫోన్ చేస్తే వాడు ఎత్తి, వంట చేస్తోంది అత్తయ్యా అన్నాడు.

మార్చి 6, ఉదయం

పడమటి గాలి. నేను రేవుకి చేరేసరికి పడవ వెళ్ళిపోయింది. అంత గాలిలో ఎలా వెళ్ళనిచ్చావయ్యా అని టీ కొట్టతని మీద పడ్డాను. ఇవాళ ఇంట్లోనే ఉందామని ఆయన అన్నాడమ్మా, నీకు భయమా అని మీ అమ్మాయే నవ్వింది అన్నాడు. నలుగురిలో పెళ్ళాం నవ్వితే వీడు ఆగుతాడా.

మార్చి 6, సాయంత్రం

బతికే ఉంది. ఉంది. నా మంచం మీద పడుకుంది. దుప్పట్లు ఉన్నవన్నీ కప్పాను, అయినా పళ్ళు కొట్టుకుంటున్నాయి.

అది చెప్పింది చెప్పినట్టు రాస్తాను, రేపటికి నేను మార్చి గుర్తుపెట్టుకుంటానేమో.

గోడ దగ్గరికి వెళ్ళేదాకా ముందే కూర్చుందట. వాడు పెద్ద ఇంజిన్ పైకి ఎత్తేసి, గాలం వేసి, రిమోట్ నొక్కుకుంటూ పాట అందుకున్నాడట. అప్పుడు ఇది లేచింది. మధ్య చెక్క మీదికి వచ్చి కూర్చుంది. ఫ్యాన్ పైకి వచ్చి కీచుమంది. ముందుకెళ్ళు అన్నాడు. నాకు అక్కడ చలిగా ఉంది అందట. ముందుకెళ్ళవే అని అరిచాడు. వెళ్ళనంది. పెళ్ళయ్యాక వాడికి ఎదురు చెప్పడం అదే మొదలమ్మా అంది. పడవ అడ్డం తిరిగింది. ఆ క్షణం వాడు ఇంజిన్ దించుకుంటే బతికేవాడు. లేదూ, ముందుకి తనే వెళ్ళి కూర్చున్నా ఫ్యాన్ మునిగేది. కానీ వాడికి చేతిలోకి వచ్చింది తెడ్డు. దీన్ని కొట్టడానికి లేచాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోదానికి చెయ్యి ఎత్తి ఉండగా పడవ గోడకి కొట్టుకుంది. ఇద్దరూ నీళ్ళలో పడ్డారు.

తాడు లాగింది. బెల్టు ఉబ్బింది. గోడకి ఇనప మెట్లుంటాయి, వాటిని పట్టుకుంది. వాడు కూడా పైకి తేలాడు. తల పగిలి ఒక కన్ను కనబడటం లేదట. దీని కాలు పట్టుకున్నాడు. పట్టుకుని బుజ్జీ అన్నాడట. పెళ్ళయిన కొత్తలో అలా పిలిచేవాడట.

తన్నానమ్మా అంది. ఎక్కడ అన్నాను. మొహం మీద అంది. జారిన దుప్పటి మళ్ళీ కప్పాను. ఒక్కసారి కాదమ్మా, వదిలేదాకా అంది.

దాని పాదాలు నా ఒళ్ళో పెట్టుకుని రుద్దాను. మడమ మీద వాడి గోళ్ళ గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఏడుపు వచ్చింది. వాడి కోసం కాదు.

మార్చి 7

శవం దొరికింది. వెళ్ళి చూశాను. చూడాలనే వెళ్ళాను.

మార్చి 10

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కుర్చీ వేసి కాఫీ ఇచ్చాను. మోటార్ బయటికి తీశారట. నలభై అయిదు వేశారేం, ఆ పడవకి యాభై నాలుగు కావాలని ఎవరినడిగినా చెబుతున్నారు, మీరు ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవారు అన్నాడు. అమ్మాయి లోపలి గది గుమ్మంలో నిలబడి వింటోంది.

అల్లుడు నిలబడ్డ చోట కొలిచాను సార్, టీ కొట్టతను చూశాడు అన్నాను. తర్వాత పొట్టిదని తెలిసింది, నిజమే. మా అల్లుడికీ తెలిసింది, తను కొలుచుకున్నప్పుడు వెనక సీట్లో కూర్చుంది మీరే కదా అన్నాను. మీకూ తెలుసు. మార్చుకోమని మీరు చెప్పలేదు. ఎముక విరిగిన ఆడపిల్లని బరువు కోసం ముందు కూర్చోబెట్టి తీసుకెళ్తుంటే రేవులో నిలబడి చూశారు. ఇదంతా రాసివ్వమంటే రాసిస్తాను సార్, ఎడమచెయ్యి కదా, కాస్త టైము పడుతుంది అన్నాను.

నా కట్టు వంక చూశాడు. బల్ల మీది వైస్ వంక చూశాడు. అప్పటిదాకా ఆ రెండూ కలిపి చూసినట్టు లేడు. ప్రమాదమనే రాసుకుంటాం లెండి అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. కాఫీ అలాగే ఉంది. నేనే తాగేశాను.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అమ్మాయి లేదు. పలకదు. గోడ దగ్గర జరిగింది చెప్పిన రోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

మార్చి 15

మాట్లాడలేదు. షట్టర్ సొట్ట సుత్తితో కొట్టి సరిచేసింది. పొద్దున్నుంచి కొడుతూనే ఉంది. అది సరైపోయాక కూడా కొడుతూనే ఉంది.

మార్చి 19

నా చేతికి ఇంక పిడికిలి బిగుసుకోదట. డాక్టర్ చెప్పాడు. టేపు పట్టుకోవడం కుదరదు.

మార్చి 26

మోటార్ కావాలని ఒకతను వచ్చాడు, వెంట పెళ్ళాం. రేవుకి వెళ్ళాం. అమ్మాయి నా చేతిలోంచి టేపు తీసుకుంది. అతన్ని వెనక సీట్లో కూర్చోమని వేలితో చూపించింది. కూర్చున్నాడు. ముందు ఎవరు కూర్చుంటారు అని నేను అడిగాను. ఇదిగో, మా ఆవిడ అని నవ్వాడు. అమ్మాయి టేపు కిందికి వదల్లేదు. ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచింది. నీకు ఈత వచ్చా అని అడిగింది.